చిన్నాయన కట్టించిన ఎండగది

మా చిన్నాయన పోయిన మూడో నాడు, సమాధి మీద పాలు పోసి వచ్చి అందరం వాకిట్లో చాపల మీద కూర్చున్నప్పుడు ఎవరో ఆ గది మాట ఎత్తారు. "పావగడ సీమలో ఎండ చాలదని, ఎండకు ఒక గది కట్టించిన మొగోడప్పా ఈయన" అన్నాడు మా ఊరి పెద్దమనిషి ఒకాయన. అందరూ నవ్వారు. చావింట్లో అలాంటి నవ్వు తప్పేమీ కాదు. నేనూ నవ్వాను. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు మాత్రం, దేనికి నవ్వామో నాకు సరిగా తెలియలేదనిపించింది.

ఆ గది సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. ఎవరి కోసం కట్టించాడో తెలుసు, ఏమేం పెట్టి కట్టించాడో తెలుసు. అయినా అర్థమైందని చెప్పలేను. చిన్నాయన గురించి రాయాలంటే దాని గురించే రాయాలి. మిగతాదంతా నిడుగల్లు కొండ చుట్టూ ఉన్న రైతులందరికీ ఉన్నదే: మబ్బు కోసం చూడటం, వేరుశనగ విత్తడం, వాన రాకపోవడం, మళ్లీ విత్తడం.

ఆయనకొక అలవాటు ఉండేది. దేని ధరా అడిగేవాడు కాదు. ఆ ధర ఎందుకంత అయిందో అడిగేవాడు. పావగడ సంతలో నాగటి కర్రు చేతికి తీసుకుని, "దీనికి దేనికెక్కువయితాదప్పా? ఇనుముకా, కొట్టే కూలికా, బొగ్గుకా?" అనేవాడు. అమ్మేవాడు ఓపిక పట్టి చెప్పి, చివరకు "కొంటావా, కొనవా?" అని విసుక్కునేవాడు. "కొనేదానికి కాదప్పా, తెలుసుకుందామని" అని దాన్ని జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టి వచ్చేవాడు. మధుగిరి బస్సులో కండక్టరును, "తిక్కెట్టు, దావ వంకర పోతాదని ఎక్కువా, మిట్ట ఎక్కుతాదని ఎక్కువా?" అని అడిగితే, బస్సులో ఉన్నవాళ్లు, "ఈయన్ను టాపు మీద కూర్చోబెట్టప్పా, తిక్కెట్టు మిగుల్తాది" అనేవారు. నిడుగల్లు కోట గోడ చూపించి ఒకసారి నాతో, "రాయికి ఖర్చు లేదు, కొండ ఉండనే ఉండాది. పైకి మోసేదానికే అయింటాదంతా" అన్నాడు. రాజు ఎవరు, ఎప్పుడు కట్టాడు అనేది ఆయనకు పట్టలేదు.

ఎండబెట్టిన వేరుశనగ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపలి గింజ చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పడం మా వైపు అందరికీ వచ్చు. చిన్నాయన మనుషుల మాట కూడా అలాగే వినేవాడు. తల ఒక పక్కకు వాల్చి, కళ్లు సగం మూసి. మాట్లాడేవాళ్లకు తమను ఎవరో పట్టుకుని ఆడిస్తున్నట్టుండేది.

గది కట్టిన ఏడాదికి ముందటి కోతల్లో చిన్నమ్మ బండి మీదినుంచి పడింది. వేరుశనగ చెట్లు పీకి, వామి వేయడానికి బండికెత్తుతున్నారు. ఆమె పైన నిలబడి సర్దుతోంది. ఎద్దులు ఒక అడుగు ముందుకు వేశాయి. తుంటి ఎముక విరిగింది. తుమకూరు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చి, నడిమింట్లో మంచం మీద పడుకుంది. మా ఇల్లు పాతది, లావుపాటి రాతిగోడలు, మట్టి మిద్దె. నడిమింటికి కిటికీ లేదు. మిద్దెకున్న గవాచిలోంచి, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన బొక్కలోంచి, వచ్చిన వెలుగే వెలుగు. కట్టు విప్పాక కూడా ఆమె కాళ్లు నిలవలేదు.

రెండోసారి తీసుకుపోయినప్పుడు డాక్టరు, ఎముక సరిగా బలం పుంజుకోవడం లేదన్నాడు. మాత్రలు రాసిచ్చి, "పొద్దుటి ఎండలో రోజూ కూర్చోబెట్టండి. నిలబెట్టొద్దు, బరువు పడకూడదు. చీకటింట్లో ఇలాగే ఉంచితే ఇక మంచమే" అన్నాడు. చిన్నాయన తల వాల్చి విని, "మధ్యాన్నం ఎండ దేనికి పనికిరాదు సార్?" అని అడిగాడు. "మీ ఊళ్లో మధ్యాహ్నం కూర్చోబెడితే మళ్లీ ఇక్కడికే మోసుకురావాలి" అని డాక్టరు నవ్వాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఇల్లు తూర్పు ముఖం. పెరటి వైపు పక్కింటి గోడ ఎత్తు, అక్కడ ఎండ పడేసరికి నడినెత్తికి వస్తుంది. ఆ కాళ్లతో ఆమె మిద్దె ఎక్కలేదు. పొద్దుటి ఎండ పడేది ఇంటి ముందు అరుగు మీదే. ఆ అరుగుకెదురుగా, వాకిలి అవతల గోడకానుకుని ఒక రాతి బండ ఉంది. తెల్లారినప్పటినుంచి దాని మీద మా నాయన కూర్చునేవాడు, ఎండకు వీపు పెట్టి, ఇంటివైపు మొహం పెట్టి. గట్టు తగాదాలు, గొర్రెలు చేలో పడిన తగాదాలు చెప్పుకునేవాళ్లంతా అక్కడికే వచ్చేవారు.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావ ఎదుట కూర్చోదు. పని చేస్తుంటే ఫర్వాలేదు. అదే బావ గట్టు మీద నిలబడి చూస్తుండగా చిన్నమ్మ ఎన్నో ఏళ్లు ఎండలో వంగి కలుపు తీసింది, కాయ కోసింది, గంప మోసింది. ఎవరూ తప్పన్నది లేదు. ఊరికే కూర్చోవడం వేరు. ఎండలో పొద్దంతా పని చేసిన మనిషికి ఎండలో కాసేపు కూర్చునే వీలు లేకపోయింది. అరుగుకు అడ్డంగా మా అమ్మ ఒక చీర కట్టి చూసింది. చీర బావనూ ఆపింది, ఎండనూ ఆపింది.

పొద్దున కాసేపు వేరే చోట కూర్చోమని మా నాయనకు ఒక్కరు చెప్తే తీరిపోయేది. ఎవరూ చెప్పలేదు. "నువ్వు చెప్పొచ్చు కదా" అని మా అమ్మనడిగాను. "నేను చెప్తే, ఆమె చెప్పించింది అనుకుంటాడు. అట్లనుకున్నాక ఆమె ఈ ఇంట్లో ఆయప్ప ముందర తిరగల్లంటే ఎట్లుంటాది? నీకు తెలీదులే" అంది. నాకు నిజంగానే తెలియలేదు. మా నాయన చెడ్డవాడు కాదు. తాను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు, అంతే.

చిన్నాయన మొదట గవాచితో ప్రయత్నించాడు. పొద్దెక్కాక దానిలోంచి రొట్టెంత ఎండ నేల మీద పడేది. దాని కిందికి మంచం జరిపేవాడు. అది కదిలేది. మళ్లీ జరిపేవాడు. మంచం కోళ్లు నేలను గీరుకుంటూ ఆ చప్పుడు ఇల్లంతా వినిపించేది. చిన్నమ్మ "చాలుగాని, నీకు చేన్లో పని లేదా?" అనేది. ఆ ఎండ ఆమె మోకాలి మీద పడితే తుంటి మీద పడేది కాదు. అప్పుడు మేస్త్రీని పిలిపించాడు.

ఆ మాటలు జరిగినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి నాకు పావగడలో చిన్న ఉద్యోగం, రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ని. ఆ రోజు ఆదివారం. మేస్త్రీ వక్కాకు ఉమ్మేసి వచ్చి అరుగును పైకీ కిందికీ చూశాడు.

"ఈడ ఒక గది. ఎండ రావల్ల, మనిషి అగుపడకూడదు. దేనికెక్కువయితాది, దేనికి తక్కువయితాది, అది చెప్పు" అన్నాడు చిన్నాయన.

"ఎండకు గది ఏందన్నా? గది లేకుంటేనే కదా ఎండ!"

"అది నాకిడిసిపెట్టు. నువ్వు చెప్పు."

"అయితే గాజు పెట్టల్ల. కప్పుకా, గోడకా?"

"దేనికెక్కువ?"

"కప్పుకేస్తే గాజు కంటే దాన్ని మోసే ఇనుముకు ఎక్కువ. పైగా నడెండకు లోపల శెనక్కాయలు ఏంచుకోవచ్చు."

"అయితే గోడకే. కప్పుకు బండలు పరుచు."

"చౌకట్లకు వేపా, టేకా? వేపయితే మన ఎండకు మెలి తిరుగుతాది, గాజు పగుల్తాది. టేకయితే ధర యిని నువ్వు మెలి తిరుగుతావు."

చిన్నాయన చప్పుడు లేకుండా నవ్వాడు. ఇలాంటి సంభాషణ కోసమే పుట్టినవాడిలా ఉన్నాడు ఆ పొద్దు. పునాది కింద మన్నుంటే ఒక కూలి, బండ తగిలితే ఇంకో కూలి అన్నాడు మేస్త్రీ. ఉన్న అరుగు మీదే కడితే పునాది ఖర్చు మిగులుతుంది, కాకపోతే గది చిన్నదవుతుంది. గాజు హిందూపురంనుంచి రావాలి, దారిలో పగిలేదాన్ని కూడా ఖర్చులోనే వేసుకోవాలి. తానెప్పుడూ ఇంత గాజు బిగించలేదు కాబట్టి తన తప్పులను కూడా వేసుకోమన్నాడు.

"ఇంతకూ గాజు ఏ రకంది? యెవురు చూడకూడదు?"

చిన్నాయన ఒకసారి వాకిలి అవతలికి చూశాడు. "యెవురూ."

"యెవురూ చూడకూడదంటే గోడ కట్టుకో అన్నా, చౌకగా అయిపోతాది."

చివరకు గరుకు గాజు అనుకున్నారు. వెలుతురు వస్తుంది, మనిషి కనిపించడు. మామూలు గాజు కంటే దాని ఖరీదు ఎక్కువ. ఎదురుగా బండ మీదినుంచి మా నాయన ఇదంతా వింటూనే ఉన్నాడు.

"ఏందిరా అది?" అన్నాడు.

"గది అన్నా. ఎండకు."

"ఎండకా? ఊరంతా ఉండాది కదరా!"

"పొద్దుటి ఎండకన్నా. ఆమెకు."

 మా నాయన ఇంటికి పెద్దవాడిగా, "అయితే ఇట్ల నా పక్కకే గాజు ఎక్కువ పెట్టిచ్చు. తూర్పు ఇదే కదా" అన్నాడు. చిన్నాయన "అట్లే అన్నా" అన్నాడు. మేస్త్రీ నావైపు చూశాడు. నేను ఎటు చూడాలో తెలియక అరుగు వైపు చూశాను.

ఆ ఏడు చేన్లో బోరు వేయిస్తాడని అందరూ అనుకుంటున్నారు. బోరు వేయాల్సిన డబ్బు గదికి పోయింది. ఊరంతా దాని గురించే మాట్లాడింది. మేస్త్రీ చెప్పని ఖర్చు ఒకటి పని మొదలయ్యాక బయటపడింది. సిమెంటు గోడను రోజూ తడపాలి. అప్పుడు మా ఊళ్లో చేతి పంపు దగ్గర బిందెల వరస వీధి మలుపు దాకా ఉండేది. చిన్నాయన కూడా బిందె పెట్టుకుని ఆ వరసలో ఆడవాళ్ల మధ్య నిలబడ్డాడు.

"గోడకు పోసేదానికా? గోడ తాగి ఏం చేస్తాదప్పా?" అంది ఒకామె.

"తడపకుంటే పగుల్తాదక్కా."

"మేమూ పగిలే ఉండాము. మమ్మల్నెవురు తడిపేది?"

మరునాటినుంచి ఆయన ఆ వరసలోకి పోలేదు. ఇంట్లో అందరూ తొట్టిలో నిలబడి స్నానం చేయాలని చెప్పి, ఆ నీళ్లు చెంబుతో ఎత్తి గోడకు పోశాడు. ఆ గోడలు చాలా రోజులు సీకాయ వాసన వేశాయి.

గాజు తేవడానికి తానే హిందూపురం పోయాడు. పలకల మధ్య గోనెపట్టాలు పెట్టి కట్టి, బస్సులో తాను నిలబడి వాటిని సీటు మీద కూర్చోబెట్టాడు. అందరూ ఆ గాజుకు తిక్కెట్టు తీశావా అని అడిగారట. తీశానన్నాడట.

గది పూర్తయిన పొద్దున మేమంతా చూడటానికి వెళ్లాం. తెల్లటి వెలుగు, ఎక్కడినుంచి వస్తోందో తెలియనట్టు నాలుగు పక్కలా ఉంది. చిన్నమ్మను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఆమె కళ్లు మూసుకుంది. చాలాకాలానికి ఆమె మొహం వెలుగులో చూశాను. అంత పాలిపోయిందని అప్పటిదాకా తెలియదు.

అంతలో అవతల మా నాయన వచ్చి బండ మీద కూర్చుని దగ్గాడు. సూర్యుడు అప్పుడే ఆయన వెనక గోడ దాటి లేచాడు. గరుకు గాజు మీద ఆయన తలా, భుజాలూ, తలగుడ్డ కొసతో సహా నల్లగా పడ్డాయి. ఉన్న మనిషి కంటే పెద్దగా. చిన్నమ్మ కళ్లు తెరిచింది. గాజు బిగించిన చౌకట్టు పట్టుకుని లేచి నిలబడింది.

"కూర్చో" అన్నాడు చిన్నాయన. "నిలబడొద్దన్నారు కదా."

"ఎట్ల కూర్చునేది? బావ ఈడనే ఉండాడు. నా ఎదురుగానే ఉండాడు."

చూపు పడకూడదని అంత ఆలోచించినవాళ్లు నీడ పడుతుందని ఆలోచించలేదు. ఆయన వీపు వెనకనుంచే కదా ఎండ వచ్చేది. మేస్త్రీ వచ్చి చూసి, "నీడ ఆపే గాజు హిందూపురంలోనే కాదన్నా, యాడా దొరకదు" అన్నాడు. తర్వాత కొన్ని రోజులు చిన్నమ్మ ఆ గదిలో నిలబడే ఉండింది. ఎండ కోసం పోయేది, కాళ్లు వణికేదాకా నిలబడేది, వచ్చి పడుకునేది. డాక్టరు ఏది చేయొద్దన్నాడో అదే చేసేది. చిన్నాయన గది బయట తిరుగుతుండేవాడు.

ఒక సాయంత్రం దొడ్లో ఆయనతో అన్నాను. "నాయనకు ఒక మాట చెప్తే పోలేదా చిన్నాయనా? ఇంత ఖర్చెందుకు?"

ఆయన తల వాల్చాడు. కళ్లు సగం మూశాడు.

"చెప్తే ఎంతయితాది?" అన్నాడు.

ఆయన ఎంత అని అడగ్గా నేను విన్నది ఆ ఒక్కసారే. హాస్యానికి అడగలేదు. నేను చెప్తానేమోనని చూశాడు.

తర్వాత జరిగింది నాకింకా తికమక. కొన్ని రోజులకు ఒక పొద్దున మా నాయన బండ మీద లేడు. బస్సు ఆగే చోట ఉన్న హోటల్ ముందు బెంచీ మీద ఉన్నాడు. రాతి మీద వీపు పట్టేస్తోందన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. మా అమ్మ తాను చెప్పలేదని ఒట్టు పెట్టింది. చిన్నమ్మ చెప్పే ప్రశ్నే లేదు. తానే కనిపెట్టాడో, నిజంగానే వీపు నొప్పో. ఏదైతేనేం, గాజు మీద నీడ లేదు. చిన్నమ్మ కూర్చుంది.

చిన్నాయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "మా అన్నను ఆయన వాకిట్లోంచి తరిమితిని" అన్నాడు మా అమ్మతో. మరుసటి పొద్దునుంచి హోటల్ దగ్గరికి పోయి అన్నను పిలవడం మొదలుపెట్టాడు. ఉన్నదంతా పోసి ఎవరి నీడనైతే తప్పించాలని చూశాడో, ఆ మనిషినే మళ్లీ తెచ్చి అదే బండ మీద కూర్చోబెట్టాలని రోజూ పోయేవాడు. మా నాయన "వస్తాలేరా, పో" అనేవాడు. ఎండ ముదిరాక వచ్చేవాడు. ఈయన రేపు మళ్లీ పోయేవాడు. చిన్నమ్మకు ఇది తెలుసు. కూర్చునేది.

ఆ తర్వాతి విత్తుల కాలానికి ఆమె కర్ర లేకుండా దొడ్డిదాకా నడిచింది. మొన్న పాలు పోసిన రోజు సాయంత్రం ఆమెనే అడిగాను, చిన్నాయన ఎందుకట్లా చేశాడని. మా నాయన అంతకు ముందే పోయాడు, ఇక అడగడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. "ఏమో నాయనా. ఆయన పిలిచేదానికి పోయె. నేను కూర్చుంటి. ఇద్దరం ఒకరినొకరం అడగలేదు" అంది.

నేను కళ్లారా చూసింది ఒక్క పొద్దే. బస్సు కోసం హోటల్ దగ్గర నిలబడి ఉన్నాను. ఎండ అప్పుడే ఇళ్ల మిద్దెల మీదికి వస్తోంది. చిన్నాయన వచ్చాడు.

"అన్నా, ఇంటికి రా. అందరూ అడుగుతాండారు."

"ఈడ బాగుండాదిలేరా."

"బాగుండేదేముంది అన్నా, బస్సు పొగ."

హోటలాయన టీ వడపోస్తూ, "ఎండకు గది కట్టిస్తివి, మీ అన్నకు నీడకొకటి కట్టిచ్చు, ఊరికే వచ్చి పిలిస్తే వస్తాడా?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు.

ఆ నవ్వుకేనేమో మా నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, పద. రోజూ నీతో ఇదేం గోల. పోదాం పద" అని లేచాడు.

చిన్నాయన కదల్లేదు. ఆయన ఇంటివైపు చూశాడు. మిద్దెల మీద ఎండ చూశాడు. అది ఇంకా వాకిట్లోకి దిగనే లేదు, చిన్నమ్మ కూర్చునే పొద్దు ఇంకా రాలేదు.

మా నాయన ఎదుట చిన్నాయన కూడా ఎప్పుడూ కూర్చునేవాడు కాదని నేను అప్పటిదాకా గమనించలేదు. పుట్టినప్పటినుంచి ఒకే ఇంట్లో ఉండి, చూస్తూ, గమనించలేదు. ఆయన మెల్లగా బెంచీ అంచు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"ఒక టీ తాగి పోదాం అన్నా" అన్నాడు.

హోటలాయన చేతిలో వడపోసే గుడ్డ అలాగే ఆగింది. మా నాయన నిలబడి తమ్ముణ్ని చూశాడు. తర్వాత తనూ కూర్చున్నాడు. కూర్చుని, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు. తమ్ముడికి చోటివ్వడానికి జరిగాడో, తమ్ముడినుంచి దూరం జరిగాడో నాకు తెలియదు. బస్సు వచ్చింది, ఎక్కాను.